నీ పాపాయమ్మ

ఆ ఏడు గోదారికి ఎర్రనీళ్ళు కాస్త ముందే వచ్చాయి. ఎదుర్లంక వంతెన మీద పులసల కోసం జనం గుమిగూడి కారు కదలనివ్వడం లేదు. నేను హారను మీద చెయ్యి తియ్యకుండా ఎలాగో వంతెన దిగేసరికి అక్కడ చెకింగువాళ్ళు చెయ్యెత్తారు. అది నాకు మామూలే. నా పసుపు రంగు నానో మీద పీవై సున్నా నాలుగు అని ఉంటుంది, అంటే యానాం బండి. యానాంలో మందు చవక కాబట్టి, యానాం బండి వంతెన దాటిందంటే అందులో సీసాలు ఉండి తీరాలని వాళ్ళ గట్టి నమ్మకం.

"డిక్కీ తియ్యండమ్మా."

"ఈ నానోకి డిక్కీ తెరుచుకోదు బాబూ. వారానికో కొత్తాయన వస్తారు, అందరికీ నేనే పాఠం చెప్పాలి. వెనక సీటు వాల్చి చూసుకో."

ఆ కుర్ర కానిస్టేబులు సీటు వాల్చి, సంచీ బయటికి లాగి, అందులోంచి ఒక ఎర్ర పట్టు జాకెట్టు తీసి నడిరోడ్డు మీద పైకెత్తి చూశాడు. నాకు యానాంలో కుట్టుకొట్టు ఉంది. సాయంత్రం ఇంటికొస్తూ హెమ్మింగు పని తెచ్చుకుంటాను.

"నీకు పట్టదులే, ముప్పై ఆరు సైజు," అన్నాను.

మా వెనకే అమలాపురం బస్సు ఆగింది. కిటికీలోంచి మా పక్కింటి పెద్దింట్లమ్మ తల బయటపెట్టి, "ఏం దొరికిందమ్మా పాపాయమ్మా?" అని అడిగింది.

"నీ జాకెట్టే దొరికింది. రేపు తెచ్చిస్తాను."

బస్సంతా నవ్వింది. నా పక్క సీట్లో కూర్చున్న దుర్గాశ్రీ మాత్రం నవ్వలేదు. బ్యాగు మొహానికి అడ్డం పెట్టుకుని గోదారి వైపు తిరిగి కూర్చుంది.

దుర్గాశ్రీ మా ఆయన భీమరాజు గారి కూతురు. చనిపోయిన మొదటి భార్య కూతురు. ఇరవై నాలుగేళ్ళు. యానాంలోనే ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. జాకెట్టు కొలతలివ్వడానికి నా కొట్టుకి వచ్చింది ఈ పిల్ల, తోడొచ్చి నాతో మాట కలిపింది వాళ్ళ నాన్న. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఆ నాలుగు మాటలతో ఆయన కోటా అయిపోయినట్టుంది, ఆ తర్వాత అంతగా మాట్లాడింది లేదు. ఫిబ్రవరిలో మురమళ్ళ వీరేశ్వరస్వామి గుళ్ళో పెళ్ళి చేసుకున్నాం. నాకు యాభై ఆరో ఏట అదే మొదటి పెళ్ళి. యానాంలో ఇల్లు ఖాళీ చేసి, కుట్టుమిషన్లు మాత్రం కొట్లో ఉంచి, మురమళ్ళ వచ్చేశాను.

ఆ రోజు కారు దిగుతూ దుర్గాశ్రీ, "రేపట్నించి నేను ఆటోలో వెళ్తానండి," అంది.

"ఎందుకు?"

"ఏం లేదండి. మీకెందుకు శ్రమ."

మా గోదారి వైపు అండి అనే మాట పాలవాడికీ ఉంటుంది, పూజారికీ ఉంటుంది, గట్టు తగాదా పెట్టుకున్నవాడికీ ఉంటుంది. తిట్టేముందు కూడా అండి అనే తిడతారు. ఇంట్లో తల్లికొక్కదానికే ఉండదు. ఆర్నెల్లుగా దుర్గాశ్రీ నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. పిన్ని అనలేదు, ఆంటీ అని కూడా అనలేదు. దగ్గరికొచ్చి నిలబడి "ఏవండీ" అంటుంది, కొత్త ఊళ్ళో దారి అడిగినట్టు. ఒక్క మాట పెడసరంగా అన్నది లేదు. అంటే బాగుణ్ణనిపించేది. కారులో పక్కన కూర్చుని వచ్చే ఆ ఇరవై నిమిషాలే నాకు ఆ పిల్లతో ఉన్న కాస్త చుట్టరికం. ఇప్పుడు అది కూడా పోయింది.

నేను ఏదైనా తలుచుకుంటే ఆగే రకం కాదు. నెంబరు వల్ల కదా సిగ్గు, నెంబరే మార్పించేస్తే సరి అనుకున్నాను. ఎలాగూ ఇల్లు మారినవాళ్ళు నెల లోపల బండి కాయితాల్లో అడ్రసు మార్పించుకోవాలని రూలు, నేనే ఆర్నెల్లుగా వాయిదా వేస్తున్నాను. యానాంలో ఎన్‌ఓసీ రెండు రోజుల్లో తెచ్చేసుకుని, మర్నాడే మా జిల్లా రవాణా ఆఫీసుకి వెళ్ళాను.

కౌంటర్లో ఉన్నాయన పెద్దమనిషి తరహా. "సొంతూరేదండి?" అని మొదలుపెట్టాడు.

"యానాం. ఇప్పుడు మురమళ్ళ."

"ఆధార్లో పాత అడ్రసే ఉంది కదండి. ఇంకేదైనా ప్రూఫ్ ఉందా? పాస్‌పోర్టు లాంటిది?"

ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. లోపల నా ఫొటో చూశాడు, నన్ను చూశాడు. నేను నేతచీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని ఉన్నాను.

"ఇది ఫ్రాన్సు పాస్‌పోర్టు కదండి. ఎవరిదండి?"

"నాదే."

"మీరు ఫారినరా అండి?"

"ఆయ్."

పక్క టేబులాయన లేచి వచ్చాడు. ఆయన వెనక ఇంకొకాయన. ముగ్గురూ పాస్‌పోర్టు మీదికి వంగారు. చివర వచ్చినాయన నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "మరి తెలుగు ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారండి?"

"మా అమ్మ దగ్గర. ఆవిడా యానామే."

ఇది నాకు పుట్టినప్పట్నించీ ఉన్న తద్దినం. మా నాన్న గంగరాజు ఫ్రెంచివాళ్ళ ఆఫీసులో గుమాస్తా. వాళ్ళు యానాం వదిలేసి వెళ్ళాక, ఇక్కడివాళ్ళు కావాలంటే ఆర్నెల్లలోపు సంతకం పెట్టి ఫ్రాన్సు పౌరులుగా ఉండిపోవచ్చన్నారు. మా నాన్న పెట్టాడు. ఆ తర్వాత నేను పుట్టాను. నేను ఫ్రాన్సు చూడలేదు. చలి నాకు పడదు. చెన్నపట్నం దాటి పైకి వెళ్ళింది లేదు. అయినా ప్రభుత్వానికి నేను విదేశీయురాలినే. యానాంలో ఎవరూ ఆశ్చర్యపోరు, అక్కడ మాలాంటివాళ్ళు ఇంకా కొంతమంది ఉన్నారు. వంతెన దాటితేనే నేనొక వింత.

కౌంటరాయన మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. టీ తాగించి, నిదానంగా విషయం చెప్పాడు. విదేశీయులైతే ఆధార్, కరెంటు బిల్లు సరిపోవు. మీరు ఫలానా చోట ఉంటున్నారని పోలీసువారిచ్చే నివాసం పర్మిట్ కావాలి, అందులో కొత్త అడ్రసు ఉండాలి. దానికి ఎస్పీ ఆఫీసులో పెట్టుకోవాలి. వాళ్ళు ఇంటి ఓనరు దగ్గర కాయితం అడుగుతారు, మనిషిని పంపించి విచారిస్తారు.

"ఇల్లు మీవారి పేరే కదండి?"

"కాదు," అన్నాను. "మావారి కూతురి పేరు."

ఆ ఇల్లు దుర్గాశ్రీ వాళ్ళమ్మకి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చింది. పెళ్ళికి ముందు నేనే భీమరాజు గారితో అన్నాను, మొత్తం అమ్మాయి పేర రాసెయ్యండి, ఆ తర్వాతే నేను గడప తొక్కుతాను అని. రేపెవరూ ఇల్లు చూసి వచ్చిందనకూడదు కదా. ఆ రిజిస్ట్రేషను రోజున నన్ను చూసి నాకే ముచ్చటేసింది. ఇప్పుడు అదే నా మెడకి చుట్టుకుంది.

మా ఊరి సెంటర్లో నెట్ సెంటరు గణేష్‌బాబుది. దరఖాస్తు ఆన్‌లైనులో అతనే పెట్టాడు.

"ఓనరు లెటర్లో పెద్ద గొడవేం లేదండి. ఇంట్లో ఎవరుంటున్నారు, ఎప్పట్నించి, ఓనరుకి ఏమవుతారు. అంతే. కానీ నా మాట వింటే అద్దె అగ్రిమెంటు రాయించెయ్యండి. దుర్గాశ్రీ ఓనరు, మీరు అద్దెదారు. పోలీసువాళ్ళకి అదైతే తొందరగా ఎక్కుతుంది. రాజమండ్రిలో మా బావమరిది అలాగే చేయించాడు, జపాన్ ఇంజినీరుకి."

"ఆ జపానాయన మీ బావమరిది చెల్లెల్ని చేసుకున్నాడా?"

"లేదండి."

"నేను మా ఆయన ఇంట్లో ఉంటున్నాను గణేష్‌బాబూ. అద్దెకుండట్లేదు. లెటరే ప్రింటు తియ్యి."

అతను నవ్వేసి టైపు చెయ్యడంలో పడ్డాడు. మధ్యలో ఆగి, "ఇంటిపేరు దగ్గర గంగరాజు అని ఉందేంటండి మీ పాస్‌పోర్టులో? అది మనిషి పేరు కదా," అన్నాడు. ఫ్రెంచివాళ్ళకి మన ఇంటిపేర్లు పట్టవు, తండ్రి పేరే ఇంటిపేరు చేసేశారు అని చెప్పబోయాను. ఈలోగా జాకెట్టు కోసం ఎవరో ఫోను చేశారు. నేను బయటికెళ్ళి మాట్లాడి వచ్చేసరికి, "దొరికిందిలెండి, మీ బర్త్ సర్టిఫికెట్లో ఉంది," అన్నాడు. ఏం దొరికిందో నేను అడగలేదు. తొందరలో ఉన్నాను.

లెటరు తీసుకెళ్ళి దుర్గాశ్రీ చేతికిచ్చాను. "తీరిగ్గా నింపి ఇవ్వు. సంతకం పెడితే చాలు."

"అలాగేనండి," అంది.

ఒక రోజు పోయింది, వారం పోయింది. లెటరు ఫ్రిజ్ మీద, వాళ్ళమ్మ ఫొటో పక్కన, రబ్బరుబ్యాండు వేసి ఉండేది. నేను రోజూ ఆ ఫొటోకి పూలు తెచ్చేదాన్ని, దుర్గాశ్రీ స్నానం చేసొచ్చి పెట్టేది. పూలు పెట్టేటప్పుడు లెటరుని కాస్త పక్కకి జరిపేది, మళ్ళీ అక్కడే పెట్టేది. నేను అడగలేదు. అడిగి చేయించుకుంటే దానికి విలువేముంటుంది? కొట్లో కుట్టుపని పిల్లలిద్దరి చేత ఒక్క కేకతో పని చేయించే దాన్ని, ఈ పిల్ల ముందు నోరు పెగల్చుకోలేకపోయాను. ఒకరోజు ఉండబట్టలేక భీమరాజు గారితో అన్నాను.

"మీరొక మాట చెప్పొచ్చుగా."

ఆయన పేపరు మడత పెట్టి, "ఓవర్టేక్ చెయ్యకూడని చోట చెయ్యకూడదు," అన్నారు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, అన్నిటికీ అదే జవాబు.

వినాయక చవితి ముందురోజు సాయంత్రం. నేను పత్రి శుభ్రం చేస్తున్నాను. దుర్గాశ్రీ ల్యాబు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, బ్యాగులోంచి ఒక కవరు తీసి నా ముందు పెట్టింది.

"ఏవండీ, ఇది ఒకసారి చూస్తారా."

స్టాంపు కాయితం. మొదటి పార్టీ ఇంటి యజమానురాలు దుర్గాశ్రీ. రెండో పార్టీ అద్దెదారు పాపాయమ్మ. ముందుగా తెలియజేసి ఇరుపక్షాల వారిలో ఎవరైనా ఖాళీ చేయుటకు లేక చేయించుటకు హక్కు కలదు. నేను రెండోసారి చదివాను. మారేడు ఆకులు ఒళ్ళోంచి జారి కింద పడ్డాయి.

"గణేష్‌బాబు గారు చెప్పారండి, ఇదైతే తొందరగా అయిపోతుందని. మీకే కదండి ఇబ్బంది, రోజూ రోడ్డు మీద అలా."

"నేనిచ్చిన లెటరు ఏమైంది?"

"ఉందండి. సంతకం కూడా పెట్టానండి."

"మరి?"

ఆ పిల్ల చున్నీ అంచు చూసుకుంటూ నిలబడింది. "అందులో సంబంధం అని ఉంది కదండి. అక్కడ ఏం రాయాలో తెలీలేదు."

అబద్ధం చెప్పి ఉంటే నేను తట్టుకునేదాన్ని. నిజం చెప్పింది. అలాంటప్పుడు నా నోరు నా మాట వినదు.

"తెలీకపోతే ఖాళీ వదిలెయ్యాలి. అద్దెకున్నారని రాస్తారా? సరే. అద్దెకుండేవాళ్ళు ఎప్పుడైనా ఖాళీ చెయ్యొచ్చని ఇందులోనే ఉంది. ముందుగా తెలియజేస్తున్నాను ఓనరు గారూ, పండగ కాగానే వెళ్తాను."

పండగ చేశాను. ఉండ్రాళ్ళు వండాను, కథ చదివాను, అక్షింతలు వేశాను. మర్నాడు పొద్దున్నే రెండు చీరలు సంచీలో కుక్కుకుని కారెక్కాను. దుర్గాశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది. భీమరాజు గారు గేటు దాకా వచ్చారు.

"పాపాయమ్మా."

"ఏంటి?"

"పెట్రోలుందా?"

"ఉంది," అని స్టార్టు చేశాను.

యానాంలో కొట్టు పైన ఒక గది ఉంది, లైనింగు గుడ్డలు పెట్టుకునేది. అక్కడ పడుకున్నాను. మొదటి రెండు రోజులూ కోపం మీద పదిహేను జాకెట్లు కుట్టాను. నాకు కోపంలో ఏడుపు రాదు, కోపం పోయాక వస్తుంది. మూడో రోజున వచ్చింది. ఆ పిల్ల చేసిందేముంది? తల్లి పోయి మూడేళ్ళయినా కాలేదు. ఇల్లంతా అలాగే ఉంది, వంటింట్లో డబ్బాల మీద ఆవిడ చేతిరాత కూడా అలాగే ఉంది. అలాంటి ఇంట్లోకి నేను నా కారూ నా నోరూ వేసుకుని దిగాను. నేను ఏమవుతానో ఆ పిల్లకి తెలీకపోతే, ఆ తప్పు ఆ పిల్లదొక్కదానిదే కాదు. అయినా వెనక్కి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. ఏ ముఖం పెట్టుకుని గేటు తీస్తాను?

నాలుగో రోజు పదకొండింటికి భీమరాజు గారి ఫోను.

"పోలీసాయన వచ్చాడు. విచారణకి," అన్నారు.

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ దరఖాస్తు సంగతే మర్చిపోయాను. ఓనరు కాయితం తర్వాతైనా ఇవ్వొచ్చని గణేష్‌బాబు అది ముందే పెట్టేశాడు. ఇప్పుడు ఇంటికొచ్చిన మనిషి ఈవిడ ఇక్కడ ఉండట్లేదు అని రాసుకుని వెళ్తే దరఖాస్తు కొట్టేస్తారు. కారు మాట అటుంచి, నేను మురమళ్ళలో ఉండడానికే ఇంక కాయితం ఉండదు.

"మీరేం చెప్పారు?"

"విను," అన్నారు. ఫోను కట్ చెయ్యలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నట్టున్నారు, గుడ్డ రాసుకున్న చప్పుడు, ఆ వెనక కొత్త గొంతు.

"నీ పాపాయమ్మ ఉందా?"

"నీ ఏంటండీ?" దుర్గాశ్రీ గొంతు. "పెద్దావిడ. కాస్త మర్యాదగా అడగండి."

"అయ్యో, నేననలేదమ్మా. కాయితంలోనే ఉంది, చూడండి. ఇంటిపేరు నీ. పేరు పాపాయమ్మ. ఫ్రాన్సు దేశస్థురాలు. మా సత్తియ్య ఎస్సై గారైతే నన్ను నీ పాపాయమ్మ, నీ పాపాయమ్మ అని పొద్దుట్నించి ఏడిపిస్తున్నారు."

నాకప్పుడు వెలిగింది. నా పుట్టిన సర్టిఫికెట్లో పేరు పక్కన ఫ్రెంచిలో ఒక చిన్న మాట ఉంటుంది, పుట్టినది అని దానర్థం. దాన్ని నే అని పలకాలి. గంగరాజు అనేది ఇంటిపేరు కాదని గణేష్‌బాబుకి బాగా తెలుసు కాబట్టి, అసలు ఇంటిపేరు వెతికి వెతికి ఆ మాట పట్టుకున్నాడు. ఇంగ్లీషు చదివినట్టు చదివితే అది నీ అవుతుంది.

అటువైపు నవ్వు వినబడింది. దుర్గాశ్రీ నవ్వు. ఆర్నెల్లలో ఆ ఇంట్లో నేనది వినలేదు. కాస్త బొంగురుగా, ఆగి ఆగి నవ్వుతుంది, అచ్చం వాళ్ళ నాన్నలాగే.

"అలాంటి ఇంటిపేరు లేదండి. ఎవరో తప్పు కొట్టారు."

"సరే, అది ఆఫీసులో చెప్పుకోండి. ఇంతకీ మనిషి ఇక్కడ ఉంటున్నట్టా, లేనట్టా? నాలుగు రోజుల్నించి కారు లేదంటున్నారు చుట్టుపక్కల."

నేను కుట్టుమిషను పట్టుకుని నిలబడ్డాను. బయట రోడ్డు మీద ఎవరో అల్లం, పచ్చిమిర్చి అని అరుస్తున్నారు, కిటికీ మూసేశాను.

"ఎందుకుండదండి, ఉంటుంది. యానాం వెళ్ళింది, కొట్టు పని మీద. దసరా జాకెట్లు ఎక్కువొచ్చాయి. ఇవాళ సాయంత్రం వచ్చేస్తుంది."

"మీకేమవుతుంది?"

అదేం పెద్ద విషయం కానట్టు, "మా పిన్నండి," అంది.

ఉంటుంది. వెళ్ళింది. వచ్చేస్తుంది. నేను ఆ మూడు మాటలూ పైకి అనుకుని చూశాను. ఉంటారు, వెళ్ళారు, వస్తారు కాదు. అండి అంతా ఆ కానిస్టేబులుకే వెళ్ళిపోయింది, నాకు ఒక్కటీ మిగల్లేదు. అంత సంతోషం నాకు నా పెళ్ళిరోజున కూడా కలగలేదు. ఇది భీమరాజు గారు వింటే ఏమీ అనుకోరని నాకు తెలుసు.

"నాన్నా, ఆ ఫోనేంటి జేబులో వెలుగుతోంది?" అని వినబడింది. అంతే, కట్టయిపోయింది.

కొట్టు పిల్లలకి అప్పజెప్పి రెండింటికే బయల్దేరాను. గేటు తీసి లోపలికి వెళ్తే దుర్గాశ్రీ వంటింట్లో ఉంది. నన్ను చూసి ప్లేటు కడిగి బల్ల మీద పెట్టింది.

"అన్నం ఉంది. పులుసు వేడి చెయ్యాలి," అంది.

అండి లేదు. నువ్వు కూడా లేదు. మధ్యలో ఎక్కడో ఆగింది. నేను క్షమించమని అడగాలనుకుని ఏవేవో మాటలు తయారుచేసుకుని వచ్చాను. వాటిలో ఒక్కటీ అవసరం పడలేదు. పులుసు నేనే వేడి చేసి ముగ్గురికీ వడ్డించాను. లెటరు ఫ్రిజ్ మీద లేదు, బల్ల మీద ఉంది. సంబంధం అన్నచోట ఇంగ్లీషు అక్షరాల్లో పిన్ని అని రాసి ఉంది.

"దానికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, స్టెప్ మదర్ అని," అంది దుర్గాశ్రీ, కంచంలోకి చూస్తూ. "అది రాయబుద్ధి కాలేదు."

కారు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పర్మిట్ చేతికొచ్చాక అడ్రసు మార్పు, నెంబరు మార్పు అన్నీ నెల లోపే అయిపోయాయి. దీపావళికి ముందు నా నానోకి ఆంధ్రా నెంబరు పలక బిగించారు. ఇప్పుడు నేను వంతెన దిగుతుంటే ఎవరూ చెయ్యెత్తరు. ఒకటి రెండుసార్లు నాకే తోచక కారు స్లో చేశాను. రవాణా ఆఫీసు పెద్దమనిషి ఈసారి కూడా టీ తెప్పించి, ఆర్‌సీ కార్డు ఇస్తూ, "మీరిప్పుడు పూర్తిగా మా వాళ్ళయిపోయారండి," అన్నాడు. కారయింది, నేను కాలేదు, నా పాస్‌పోర్టు అలాగే ఉంది అన్నాను.

కానీ నేను చెప్పాల్సింది కారు సంగతి కాదు, దానికి ముందు ఎస్పీ ఆఫీసుకి వెళ్ళిన రోజు సంగతి. ఓనరు కూడా స్వయంగా రావాలన్నారు. దుర్గాశ్రీ ల్యాబుకి సెలవు పెట్టింది. నేను అడక్కుండానే కారులో ముందు సీట్లో కూర్చుంది. దారిపొడుగునా ఫోనులో ఏదో చూసుకుంటూనే ఉంది.

విదేశీయుల విభాగం అంటే ఒక గది, ఒక కంప్యూటరు, దాని ముందు ఒక మేడం. పాస్‌పోర్టు చూసి, నన్ను చూసి, ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం కలిగింది. ముందు పేరు సరిచేసింది.

"ఇంటిపేరు నీ తీసేసి గంగరాజు పెడుతున్నానండి. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే ఉండాలి."

"తీసెయ్యండి," అన్నాను.

తర్వాత దుర్గాశ్రీ రాసిన లెటరు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ కొడుతూ వచ్చింది. ఓనరు పేరు, డోరు నెంబరు, ఎప్పట్నించి. అక్కడిదాకా వచ్చి ఆగింది.

"పిన్ని అని రాశారు. ఇందులో పిన్ని లేదండి."

"ఏమున్నాయండి?" అంది దుర్గాశ్రీ.

"ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవాలి. స్పౌజ్, ఫాదర్, మదర్, టెనెంట్, అదర్." ఆవిడ కళ్ళు తెర మీదే ఉన్నాయి. "మదర్ పెట్టనా, అదర్ పెట్టనా?"

నాకు ఫ్రిజ్ మీద ఫొటో గుర్తొచ్చింది. ఆవిడ చోటు నాకొద్దు. ఆ చోటుకి నేను రోజూ పూలు కొంటున్నాను, నాకు అది చాలు. పిన్ని అన్న మాటే నాకు ఎక్కువ. ఈ పిల్లని ఇంకోసారి ఇరకాటంలో పెట్టకూడదు, నేనే చెప్పేద్దాం, అదర్ పెట్టెయ్యండి మేడం, పేరులో ఏముంది అందాం అనుకుని నోరు తెరిచాను.

"అదర్ వద్దండి," అంది దుర్గాశ్రీ.

మేడం తల తిప్పి చూసింది. "అయితే మదరేనా?"

"ఊఁ."

ఆవిడ మౌసుతో ఒకసారి నొక్కింది. అంతే. పక్క గదిలో ప్రింటరు చాలాసేపు ఆలోచించి, ఒక కాయితం బయటికి తోసింది. స్టాంపు వేసి సంతకం చేయించుకొచ్చేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా మేమిద్దరం బెంచీ మీద కూర్చుని ఎదురుగా ఉన్న క్యాలెండరు చూశాం.

కాయితం ముందు దుర్గాశ్రీ చేతికే ఇచ్చారు, ఓనరు కదా. అది మొదట్నించి చివరిదాకా చదివి, నా ఒళ్ళో పెట్టింది.

"అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడు," అంది.

అక్షరాలన్నీ నీళ్ళల్లో తేలుతున్నాయి. నేను తల పక్కకి తిప్పుకుని, "కళ్ళజోడు కార్లో మర్చిపోయాను," అన్నాను.

"నీ నెత్తి మీదే ఉంది. పెట్టుకుని చదువు."